సుంకమ్మ బొటనవేలు

ఎన్నేండ్ల కిందటి మాటో నాకు తెలీదు. మా అవ్వకూ తెలీదు. మా అవ్వకు చెప్పిన అవ్వకూ తెలీదు. అందుకే ఎప్పుడు జరిగింది, ఎప్పుడు జరిగింది అని నన్ను సతాయించకండి. ఊఁ కొట్టండి, చెప్తా. మీ ఊఁ ఆగిందంటే నా కథా ఆగుతుంది.

చౌడుమడుగు అని ఒక ఊరు. ఆ ఊరి నీళ్లు ఉప్పన. కుండలో కాస్తే అడుగున తెల్లగా సున్నం పేరుకునేది. కుండలో పేరుకునేది ఒంట్లో పేరుకోదా? ముసలోళ్లకు రాయి. పడుచోళ్లకు రాయి. పాలు మరిచిన బిడ్డలకూ రాయి. ఎక్కడ రాయి? ఉచ్చసంచిలో రాయి.

అదిగో, నవ్వుతున్నారు! ఉచ్చ అనేసరికి నవ్వొచ్చింది గదా? నవ్వండి, నవ్వండి. అది పడినోడు గోడకు తల బాదుకుంటాడు. చుక్క చుక్క పడుతుంటే చుక్కకొకసారి వాళ్లమ్మను పిలుస్తాడు. అప్పుడు నవ్వండి, చూస్తా.

ఆ ఊళ్లో సుంకమ్మ అని ఒక ఆమె. వాళ్లది కత్తి పట్టే ఇల్లు. మగవాళ్లు గడ్డాలు గీసేవాళ్లు, కురుపులు కోసేవాళ్లు. ఆడవాళ్లు పురుళ్లు పోసేవాళ్లు. సుంకమ్మ అత్త మాత్రం ఇంకొకటి చేసేది. ఉచ్చసంచి కోసి రాయి తీసేది. ఆ పనిని కోడలికి నేర్పింది.

సుంకమ్మ మొగుడు మద్దిలేటికీ రాయి పడింది. తల్లే కోసింది. కొడుకు భయపడతాడని ఒక్క మాట చెప్పలేదు. "కళ్లు మూసుకో నాయనా, ఏమీ లేదు" అనింది. కత్తి తగలగానే మద్దిలేటి ఎగిరిపడినాడు. ఏం వస్తుందో తెలియనోడు ఎగరక ఏం చేస్తాడు? కత్తి పోకూడని చోటికి పోయింది. మూడో రోజు మద్దిలేటి పోయినాడు.

సుంకమ్మ ఏడ్చింది. ఏడ్చి ఏడ్చి లేచి, కడుపులో కొడుకును పెట్టుకుని, ఒక మాట అనుకుంది. ఇంక నా కత్తి కింద తెలియనోళ్లు పడుకోకూడదు, అంతే.

ఆ రోజు నుంచి ఆమెకు ఒక పద్ధతి. ఎవరొచ్చినా ముందు కత్తి తియ్యదు. పెరట్లో నులకమంచం మీద కూర్చోబెట్టి మూడు సంగతులు చెప్తుంది. రాయి యాడుంది? కత్తి యాడ పెడతా? ఏం కావచ్చు? అవి కూడా వచ్చినోళ్ల మాటల్లోనే. గొర్రెలోడికి గొర్రెలోడి మాట, సాలెవాడికి సాలెవాడి మాట. చెప్పినాక ఆ మూడూ వాళ్ల నోటితో తిరిగి చెప్పించుకుంటుంది. చెప్పకపోతే కొయ్యదు. ఏడ్చినా కొయ్యదు, కాళ్లు పట్టుకున్నా కొయ్యదు.

"నువ్వే చూసుకో తల్లీ, మాకేం తెలుసు" అంటే ఆమెకు ఎక్కడలేని కోపం.

"ఒళ్లు నీది. నొప్పి నీది. మాట నీకు తెలియాల" అనేది.

పొద్దు నడినెత్తికి వచ్చినప్పుడు, మంచి వెలుతురులో కోసేది. తీసిన రాయిని కడిగి, ఎవరిది వాళ్ల అరచేతిలో పెట్టేది. అందరూ బతికినారా? లేదు. నేనెందుకు అబద్ధం చెప్పాల? కొందరు పోయినారు. పోయినోళ్ల ఇంటివాళ్లు మాత్రం సుంకమ్మ గడప దగ్గరికి వచ్చి తిట్టలేదు. తెలిసి పడుకున్నాడు, తెలిసి పోయినాడు అనుకున్నారు.

ఊఁ కొడుతున్నారా? సరే.

ఏండ్లు గడిచినాయి, సుంకమ్మ ముసలిదైంది, కొడుక్కు పెండ్లయి కోడలొచ్చింది. చౌడుమడుగు పక్కన కోట. కోటలో దొర, పేరు సిద్ధప్ప. దొర దగ్గర ఆస్థాన వైద్యుడు, పేరు అనంతయ్య. బాగా చదువుకున్నాడు. ఒంట్లో ఎన్ని చోట్లున్నాయో అన్నింటికీ శాస్త్రంలో పేరు చెప్పగలడు. ఒక రోజు సుంకమ్మ పేరు విని, చూద్దామని పల్లకీలో వచ్చినాడు. పెరట్లో పది మంది ఉన్నారు. సుంకమ్మ అప్పుడే ఒక రాయి తీసి నీళ్లలో కడుగుతోంది.

"ఏమే, దీన్నేమంటారో తెలుసా?" అన్నాడు అనంతయ్య.

సుంకమ్మ రాయి వైపు చూసింది, ఆయన వైపు చూసింది. "రాయి అంటారు సామీ" అనింది.

పెరడంతా గొల్లుమంది.

"అశ్మరి!" అన్నాడు అనంతయ్య. "అది ఉండే చోటు వస్తి. కోతకు పనికిరాని గీత సేవని. ఈ పేర్లు తెలియకుండా కత్తి పట్టినావా?"

"ఆ పేర్లు మీకు తెలిసినాయి గదా సామీ, ఎంత మందికి కోసినారు?"

అనంతయ్య మొహం మాడిపోయింది. ఒక్కరికీ కొయ్యలేదు మరి. గిర్రున తిరిగి పల్లకీ ఎక్కినాడు. ఎక్కినోడు ఎక్కడికి పోతాడు? తిన్నగా దొర దగ్గరికే పోయినాడు.

మూడో రోజు ఊళ్లో దండోరా వేసినారు. శాస్త్రం పేర్లు తెలియనోళ్లు రాయి జోలికి పోరాదు. దొర అనుమతి లేకుండా ఎవరి ఒంటి మీదా కత్తి పెట్టరాదు. పెట్టినోళ్లకు బొటనవేలు తీసెయ్యబడును. డుబ్ డుబ్ డుబ్.

బొటనవేలు లేని చెయ్యి కత్తి పట్టలేదు. చూసినారా, ఎంత ఆలోచించి పెట్టినారో!

వారం తిరగలేదు. కుమ్మరి ఓబన్నను మంచం మీద మోసుకొచ్చినారు. రెండు రోజులుగా చుక్క పడలేదు. పొట్ట కుండలా ఉబ్బింది. కళ్లు తేలేసినాడు. పెండ్లాం సుంకమ్మ కాళ్ల మీద పడింది. సుంకమ్మ కోడలు ఈరమ్మ అత్త చెయ్యి పట్టుకుంది.

"అత్తా, వద్దత్తా. వేలు పోతుంది. దొర అనుమతి తెచ్చుకోమను."

"దొర అనుమతి వచ్చేలోపు వీడు ఉంటాడా?"

"ఉండడు."

"మరి ఒళ్లు దొరదా, వీడిదా?"

ఈరమ్మ చెయ్యి వదిలింది. సుంకమ్మ ఓబన్న చెవి దగ్గర వంగింది. మూడు సంగతులూ చెప్పింది. ఓబన్న గుక్క తిప్పుకోలేకపోయినా మూడూ తిరిగి చెప్పినాడు. "ఉచ్చసంచి మెడకాడ రాయి. కాళ్ల సందున, నడిమి కుట్టుకు ఎడమ పక్క కత్తి. బతకొచ్చు, సావొచ్చు. కొయ్యి, అక్కా."

కోసింది. రాయి వచ్చింది. రాయి వెనక రెండు రోజుల నీళ్లూ వచ్చినాయి. ఓబన్న "అబ్బా" అన్నాడు. ఆ అబ్బా సుంకమ్మ బతికినంత కాలం మరిచిపోలేదంట.

కోట నుంచి తలారి వచ్చినాడు. సుంకమ్మను కోట వాకిలికి తీసుకుపోయినారు. దొర పైన కూర్చున్నాడు. పక్కన అనంతయ్య. కింద ఊరంతా నిలబడింది.

"ముసల్దానివి. ఒక అవకాశం ఇస్తున్నా" అన్నాడు దొర. "ఇంక కత్తి పట్టనని చెప్పు. దాన్ని రాయి అనను, అశ్మరి అంటానని చెప్పు. పోయి ఇంట్లో కూర్చో."

"రాయి" అనింది సుంకమ్మ.

"ఏందీ?"

"రాయి, దొరా."

"మూడోసారి అడుగుతున్నా!"

"మూడోసారీ రాయే."

దొర చెయ్యి ఊపినాడు. తలారి మొద్దు తెచ్చి పెట్టినాడు. సుంకమ్మ కుడిచెయ్యి తనే మొద్దు మీద పెట్టింది. పెట్టి, తలారి మొహంలోకి చూసింది.

"నాయనా, కోసే ముందు చెప్పాల. యాడ కోస్తావు? ఎట్ల కోస్తావు? ఏం కావచ్చు? చెప్పు."

తలారి ఎత్తిన కత్తి దించినాడు. వాడి చెల్లెలికి పోయినేడు రాయి తీసింది ఈ చెయ్యే మరి.

"నువ్వు చెప్పలేవులే, నేను చెప్తా విను" అనింది సుంకమ్మ. ఊరంతా వినేలా అనింది. "బొటనవేలు. మొదటి కణుపు కింద. ఒకటే వేటు. రక్తం పోతుంది. పసుపు పెట్టి కడతారు. నేను సావను. కొయ్యి."

వేలు పోయింది. సుంకమ్మ చెయ్యి కదలలేదు. ఏం వస్తుందో తెలుసు గదా ఆమెకు.

ఇంటికి వచ్చినాక మాత్రం ఏడ్చింది. పిడికిలి పడటం లేదని ఏడ్చింది. ముద్ద కలుపుకోవడానికి రావటం లేదని ఏడ్చింది. వాకిట్లో నొప్పులతో వచ్చి, ఆమె చెయ్యి చూసి వెనక్కి పోతున్నోళ్లను చూసి ఏడ్చింది. మూడు రోజులు ఏడ్చి నాలుగో రోజు లేచింది.

"ఈరీ, ఇట్ల రా" అనింది కోడల్ని. "వేలు కోసినారు గానీ నాలిక కొయ్యలేదు."

"ఏం చేస్తావత్తా?"

"చెప్తా. నువ్వు చేస్తావు."

మేక ఉచ్చసంచి తెప్పించింది. అందులో గులకరాయి వేసింది. దాన్ని నడిమి కుట్టున్న తోలుసంచిలో పెట్టి ఈరమ్మ చేతికి కత్తి ఇచ్చింది. తను పక్కన కూర్చుని చెప్పేది. "ఇది మెడ. వేలితో రాయిని కిందికి ఒత్తు. తగిలిందా? కుట్టు మీద పెట్టకు, ఎడమకు జరుగు. జొన్నగింజంత జరుగు. అంతే. ఆగు." అన్నింటికీ మాట ఉంది కాబట్టి చెప్పగలిగింది. ఏ మాటా ఈరమ్మకు కొత్త కాదు కాబట్టి ఆమె నేర్వగలిగింది. ఒక వానాకాలం, ఒక చలికాలం, ఒక ఎండాకాలం నేర్చింది. మేకసంచులు కోసింది గానీ మనిషిని కొయ్యలేదు. కోస్తే ఆమె వేలూ పోతుంది.

ఆ ఎండాకాలం చివర దొరకు రాయి పడింది.

కోటలో తాగేవీ ఆ నీళ్లే! బంగారు చెంబులో తాగితే ఉప్పు పోతుందా?

అనంతయ్య కొండపిండాకు కషాయం పోసినాడు. తగ్గలేదు. ఉలవకట్టు పోసినాడు. తగ్గలేదు. హోమం చేయించినాడు. పొగకు దగ్గొచ్చి, దగ్గితే రాయి కదిలి, ఇంకా ఎక్కువైంది. రోజూ అనంతయ్య శాస్త్రం చెప్తాడు, దొర తల ఊపుతాడు. ఒక్క ముక్క అర్థం కాదు. అడగడానికి నామోషీ. తల ఊపడమే.

చివరికి ఒక పొద్దున దొర నేల మీద దొర్లుతూ అనంతయ్య పంచె పట్టుకున్నాడు. "కొయ్యవయ్యా! చదివినావు గదా, కొయ్యి!"

"చదివినాను దొరా. చెయ్యలేదు. నేను కోస్తే మీరు చస్తారు" అన్నాడు అనంతయ్య. ఆయన బతుకులో సూటిగా చెప్పిన మొదటి మాట అదేనేమో.

సుంకమ్మకు కబురు పోయింది. ఆమె రాలేదు. నాలుగు వేళ్ల చెయ్యి వాకిట్లోకి చాపి చూపించి, "కావాలంటే దొరనే రమ్మను. నా మంచం ఇక్కడుంది" అనింది.

వచ్చినాడు. నొప్పి తీసుకొచ్చింది. ఓబన్నను మోసుకొచ్చినట్టే మంచం మీద మోసుకొచ్చినారు. వెనక అనంతయ్య, ఆ వెనక సైన్యం, ఆ వెనక ఊరు. గోడ చుట్టూ తలకాయలే.

"కోసేది నా కోడలు" అనింది సుంకమ్మ. "చెప్పేది నేను. మనిషిని కొయ్యడం దానికి ఇదే మొదలు. ఇష్టం లేకపోతే పోవచ్చు."

దొర పళ్లు కొరుక్కుంటూ "కొయ్యండి" అన్నాడు.

"అట్ల కుదరదు." సుంకమ్మ మూడు సంగతులూ చెప్పింది. ఎవరికి చెప్పినట్టు దొరకూ అట్లే. "ఇప్పుడు నువ్వు చెప్పు."

'నువ్వు' అనగానే సైన్యంలో ఒకడు కత్తి మీద చెయ్యి వేసినాడు. సుంకమ్మ వాడి వైపు తిరగనన్నా లేదు. "కోటలో మీరు. నా మంచం మీద పడుకున్నోళ్లందరూ నాకు నువ్వే. చెప్పు, రాయి యాడుంది?"

దొర అనంతయ్య వైపు చూసినాడు. అనంతయ్య చెవిలో ఊదినాడు.

"వస్తిలో... అశ్మరి" అన్నాడు దొర.

"అది అనంతయ్య మాట. ఆయనకు కొయ్యాలంటే ఆ మాటే అడుగుతా. నీ మాట చెప్పు. చిన్నప్పుడు మీ అమ్మ ఏమనేది?"

దొర మొహం ఎర్రగా అయింది. లేచి పోదామనుకున్నాడు. లేవబోయినాడు. రాయి కదిలింది. కేక పెట్టి పడిపోయినాడు.

"ఉచ్చసంచిలో!" అన్నాడు. "ఉచ్చసంచిలో రాయి!"

గోడ అవతల ఎవరో కిసుక్కున నవ్వినారు. సుంకమ్మ గోడ వైపు ఒక్క చూపు చూసింది. నవ్వు ఆగిపోయింది. ఆమె మంచం మీద పడుకున్నోడిని చూసి ఎవరూ నవ్వకూడదు. అది శత్రువైనా సరే.

"కత్తి యాడ?"

"నడిమి కుట్టుకు ఎడమ పక్క."

"ఏం కావచ్చు?"

పుట్టినప్పటి నుంచి దొరతో సావు మాట ఎవరూ అనలేదు. నూరేళ్లు, వెయ్యేళ్లు అన్నోళ్లే అందరూ.

"నేను... సావొచ్చు."

"గట్టిగా. ఆ వెనకోళ్లకు వినపడాల. చస్తే ఎవరి పని?"

దొర ఈరమ్మ వైపు చూసినాడు. ఈరమ్మ చేతిలో కత్తి ఉంది. ఆమె బొటనవేలు కత్తి పిడి మీద తెల్లగా పాలిపోయి ఉంది. దొర ఆ వేలినే చూసినాడు.

"చస్తే రాయి పని" అన్నాడు, సైన్యానికంతా వినపడేలా. "ఈరమ్మ పని కాదు. ఆమె ఒంటి మీద ఎవరూ చెయ్యి వెయ్యకూడదు. నా ఒళ్లు. నా నొప్పి. నాకు తెలిసి పడుకున్నా."

"ఇప్పుడు సరి" అనింది సుంకమ్మ.

తలారి దొర వెనక కూర్చుని ఒళ్లో ఆనించుకున్నాడు. మోకాళ్లు పైకి మడిచి గుడ్డతో కట్టినారు. పొద్దు నడినెత్తికి వచ్చింది. సుంకమ్మ ఈరమ్మ భుజం పక్కన కూర్చుంది.

"వేలితో ఒత్తు. మెడకాడికి తే."

"వచ్చిందత్తా."

"కుట్టు కనపడిందా? ఎడమకు జరుగు. జొన్నగింజంత. దొరా, ఇప్పుడు తగులుతుంది. మంట పెడుతుంది. ఎగరకు."

దొర ఎగరలేదు. నోట్లో గుడ్డ కొరికినాడు, కళ్లలో నీళ్లు ధారగా పోయినాయి, ఎగరలేదు. సుంకమ్మకు ఆ క్షణాన మద్దిలేటి గుర్తొచ్చినాడు. ఈ ఒక్క మాట ఆ రోజు చెప్పుంటే నా మొగుడు బతికేవాడు గదా అని గుండెలో కలుక్కుమంది.

"కొంకితో పట్టు. లాగకు, తిప్పు. మళ్లీ తిప్పు. ఇప్పుడు లాగు."

టక్కుమని మూకుట్లో పడింది. రేగ్గాయంత రాయి.

ఈరమ్మ కత్తి కింద పెట్టి అప్పుడు వెక్కివెక్కి ఏడ్చింది. సుంకమ్మ రాయి కడిగి, నాలుగు వేళ్లతో తీసి, దొర అరచేతిలో పెట్టింది.

"ఇదేంది?" అని అడిగింది.

"రాయి" అన్నాడు దొర.

పది రోజులు ఆ పెరట్లోనే పడుకున్నాడు. లేచి నడిచే రోజు సుంకమ్మ ముందు నిలబడినాడు.

"నీ వేలు తిరిగి ఇయ్యలేను" అన్నాడు.

"ఇయ్యలేవు."

"నన్ను క్షమిస్తావా?"

"లేదు" అనింది సుంకమ్మ. "వేలు నాది. నొప్పి నాది. ఆ మాట కూడా నాదే, నేను చెప్పను. నువ్వు చెప్పాల్సిన మాట ఉంది, అది చెప్పు. దండోరా వేసి చెప్పు."

ఆ సాయంత్రమే డుబ్ డుబ్ డుబ్. ఒళ్లు ఎవరిదో అనుమతి వాళ్లదే. కోసేవాళ్లు కోసే ముందు మూడు సంగతులు చెప్పాల. అర్థమయ్యే మాటలో చెప్పాల. ఆ దండోరా విని అనంతయ్య తాటాకులు, గంటం చంకన పెట్టుకుని సుంకమ్మ పెరటికి వచ్చినాడు. పల్లకీ లేదు. నేల మీద కూర్చుని, "సేవనిని ఏమంటారమ్మా?" అని అడిగినాడు. "నడిమి కుట్టు" అని చెప్పింది. రాసుకున్నాడు.

ఇంకొన్నేండ్లకు సుంకమ్మ చనిపోయింది. ఊరి చివర చౌడునేలలో పూడ్చినారు. పైన ఒక గట్టు కట్టినారు. కుమ్మరి ఓబన్న వచ్చి, తన రాయిని పెట్టినాడు. కోట నుంచి దొర వచ్చి, తన రాయిని పెట్టినాడు. ఆ తరవాత ఎవరెవరు పెట్టినారో లెక్కలేదు. తెలియనోళ్లు చూస్తే గులక పోసినారనుకుంటారు. ఒక్కొక్కటీ ఒక్కొక్కరి నొప్పి అది.

చౌడుమడుగులో ఇప్పటికీ ఒక అలవాటు ఉంది. ఎవరన్నా అర్థం కాని మాటలు మాట్లాడితే వాళ్లు ఎదురు చెప్పరు, తలా ఊపరు. కుడిచెయ్యి ఎత్తి బొటనవేలు లోపలికి మడుస్తారు. నాలుగు వేళ్లు చూపిస్తారు. కరణానికి చూపిస్తారు. వకీలుకు చూపిస్తారు. డాక్టరుకూ చూపిస్తారు.

మొన్నామధ్య ఆ ఊరి ముసలాయన ఒకడు పట్నం పెద్దాసుపత్రికి పోయినాడు. కొత్త డాక్టరు స్కానింగు చూసి, లిథోట్రిప్సీ అన్నాడు, స్టెంటు అన్నాడు, యురేటర్ అన్నాడు, ఇక్కడ సంతకం పెట్టు తాతా అన్నాడు. ముసలాయన పెన్ను తీసుకోలేదు. వేలు మడిచి చెయ్యెత్తినాడు.

"నాలుగేంది? నాలుగు రోజులా?" అన్నాడు డాక్టరు.

అక్కడి నర్సుది చౌడుమడుగు పక్క ఊరే. "అది నాలుగు కాదు సార్" అనింది. "కుర్చీ లాక్కుని కూర్చోండి. రాయి యాడుంది, ఎట్ల తీస్తారు, ఏం కావచ్చు. ఆయన తిరిగి చెప్పేదాకా సంతకం రాదు."

డాక్టరు గడియారం చూసుకున్నాడు. ముసలాయన చెయ్యి దించలేదు. డాక్టరు కుర్చీ లాక్కుని కూర్చున్నాడు.

అదీ కథ. ఊఁ కొట్టింది చాలు. ఏదీ, చేతులెత్తండి. వేలు మడవండి. ఇంకా లోపలికి, కనపడకూడదు. ఆఁ, అట్ల. ఎవరొచ్చి దించమన్నా దించకండి.